మేక కాయిన్ బోణీ

హలో… ఆ, నేనేరా కోటీ, భాగ్యక్కనే. పొద్దుట్నుంచి నేను చేస్తే ఎత్తవు, ఇప్పుడు నువ్వే చేశావు. బతికే ఉన్నావన్నమాట.

…

రేపల్లెలోనా? పిన్ని దగ్గరా?

…

లాడ్జీలోనా! కన్నతల్లి ఇల్లు పక్క వీధిలో పెట్టుకుని లాడ్జీలో దిగావా? అదేం బుద్ధిరా?

…

సరే, అరవకు. అడగన్లే. ఎందుకు చేశావో చెప్పు.

…

మేక కాయినా? నువ్వు కొనిపించిన ఆ క్రిప్టోనా? లేదు, నాది నేను అమ్మలేదు… అమ్మలేదురా, బోణీ తర్వాత అసలు ముట్టుకోలేదు. వీధిలో ఆడవాళ్లందరివీ అమ్ముడుకాకుండా నాది అమ్ముకుంటే బావుంటుందా? వెంకాయమ్మత్త నొక్కింది, కుదర్లేదు. యాస్మిన్ నొక్కింది, కుదర్లేదు. కొందామంటే ఫోను గబుక్కున కొనేస్తోంది. అమ్మబోతే ఎర్రగా ఏదో వచ్చి ఆగిపోతోంది. ఈపురుపాలెంలో సిగ్నల్ లేదేమోనని డాబాలెక్కి మరీ నొక్కారు పాపం.

…

నాకా? వాళ్లకి కానిది నాకెలా అవుద్ది?

…

ఏంటీ?

…

మళ్లీ చెప్పు… నా ఒక్కదానిదే—

…

ఆగరా, ఆగు. నాకు అర్థమయ్యేట్టు చెప్పు. ఎవరైనా కొనొచ్చు. అమ్మడం మాత్రం, నువ్వు పేరు రాసినవాళ్లకే కుదురుద్ది. ఆ కాయిన్‌ని అలాగే తయారుచేశావు. అంతేనా?… ఆ పేర్లలో నీదుంది, నాదుంది… ఇంకెవరిదీ లేదు.

…

అయితే అది బయటిదేశం కాయిన్ కాదన్నమాట. కళ్లజోడు పెట్టుకున్న మేక బొమ్మ చూపించి, 'అక్కా, ఎవరో కుర్రాళ్లు సరదాకి చేశారంట, భలే ఎగురుతోంది' అన్నావే… అది నీ మేకే. నువ్వు కట్టేసిన మేకే.

…

ఓరి దేవుడోయ్.

…

ఏడవట్లేదు… ఇంట్లో ఎవరున్నారా? ఎవరూ లేర్రా. మీ బావ చీరాల వెళ్లాడు. నేనొక్కదాన్నే… నిజంగా ఒక్కదాన్నే. ఉండు, వీధి తలుపేసి వస్తా. పెట్టెయ్యకు.

ఇదిగో, ఎవరూ నోరెత్తకండి. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టా, వాడికి వినపడదు. విన్నారుగా? వాడే చేశాడంట ఇదంతా. మా పిన్ని కొడుకు, నేను ఒళ్లో పెట్టుకుని పెంచిన వెధవ… వెంకాయమ్మత్తా, నన్నలా చూడకు. నేనూ వాడూ కలిసి చేశామనుకుంటున్నావు కదూ? పొద్దుట్నుంచీ అదే చూపు నీది. నాకు తెలిస్తే నా కళ్లు పోతాయి అత్తా. తర్వాత ఎన్నయినా తిట్టు… ఏంటమ్మా యాస్మిన్? మెల్లగా చెప్పు… అమ్మడమే కుదరట్లేదు, ఒకరి ఫోన్లోంచి ఇంకొకరికి పంపితే మాత్రం వెళ్తోందా? చూశావా నువ్వు?… మీ అమ్మ ఫోన్లోకి వెళ్లిందా! అయితే మీ అందరివీ నా వాలెట్‌లోకి పంపేస్తే, నా పేరు మీద అమ్మేయొచ్చు… అమ్మేయొచ్చుగా? మరి చూస్తారేంటి, పంపండి! ఇదిగో నా వాలెట్ ఫోను, నువ్వే నొక్కు తల్లీ. ముందు వీళ్లవి కానివ్వు. నాది చివర్న. నేను వాణ్ణి మాటల్లో పెడతా. పసిగడితే నా అమ్మకం కూడా మూసేస్తాడు.

ఆ, వచ్చానురా. చెప్పు.

…

ఇప్పుడే అమ్ముకోమంటావా? సాయంత్రం దాకా ఆగకూడదా?… ఏం, సాయంత్రం ఏం చేస్తావు?

…

నీ తెనాలి క్లాసు వాళ్లు కూడా కొనేదాకా ఆగి, అప్పుడు మొత్తం డబ్బు లాగేస్తావా. అప్పుడు నా పేరున్నా ఒకటే, లేకపోయినా ఒకటే… ఊ… అర్థమైందిలే. చెప్పావు, సంతోషం.

…

అమ్ముతారా, అమ్ముతా. నా వాలెట్ ఫోను బీరువాలో ఉంది, తీస్తున్నా. వాలెట్ ఫోను వేరే, మాట్లాడే ఫోను వేరే ఉండాలని నువ్వే చెప్పావుగా. నువ్వు మాత్రం లైన్లోనే ఉండు. నాకు చేతకాదు, తడబడతా. ఒక్కొక్కటీ నువ్వే చెప్పాలి.

…

ఆ, తెరిచా… స్వాప్ అని ఉంది, డబ్బుగా మార్చేది, దాని మీద నొక్కా… అంతా ఒక్కసారే వద్దు, ధర పడిపోద్దంటావా? సరే. కాస్త కాస్త అమ్ముతా.

…

అదుగో, అమ్ముడైంది నీకు కూడా కనపడిందా? నేనేరా. నేను కాక ఇంకెవరు అమ్మగలరు?

…

నేను కోపంగా ఉన్నానా అని అడుగుతున్నావా? ఏం చెప్పమంటావురా. బాపట్లలో నువ్వు చెప్పిన క్లాసు గుర్తొస్తోంది. ఆ ట్యుటోరియల్ మేడ మీద, ఆదివారాలు. వీధిలో ఆడవాళ్లందర్నీ ఆటోలో కుక్కుకుని నేనే తీసుకొచ్చేదాన్ని. వాలెట్ తెరిచే ఆ పన్నెండు రహస్యం మాటలు కట్టుకున్నవాడికి కూడా చెప్పొద్దన్నావు. ఒకే పేరుతో దొంగ కాయిన్లుంటాయి, అసలు కాయిన్‌ని గుర్తుపట్టే ఆ పొడుగాటి నంబరు అక్షరం అక్షరం పోల్చుకోమన్నావు. కొత్త కాయిన్ ఏదైనా సరే, ఎవరి ఫోన్లో వాళ్లు కాస్త కొని, ఆ కాస్తా అమ్మి, డబ్బు చేతికొచ్చాకే మిగతాది పెట్టమన్నావు. అంత జాగ్రత్త నేర్పినవాడే మోసం చేస్తాడని ఎవరనుకుంటార్రా? నాకైతే కల్లో కూడా తట్టలేదు.

…

ఊ… ఆ, ఇంకోటి నొక్కా… వెళ్లింది.

…

కాదు, నన్నడగనీ. అన్నీ సరిగ్గా నేర్పి, మేక కాయిన్ రోజున ఆ ఒక్క మాటా ఎందుకు మార్చావు? 'అందరూ అమ్మి చూడక్కర్లేదు, అక్క చేత్తో బోణీ చేయించండి, చాలు' అన్నావు.

…

సరదాకి అన్నావా! సరదాకా! ఈ వీధిలో కొత్త రకం చీర మగ్గం దిగితే మొదటి చీర నా చేత్తోనే అమ్మిస్తారు. నా బోణీ అయితే సరుకు నిలవదని వాళ్ల నమ్మకం. నీకు నిక్కరేసుకున్నప్పట్నుంచీ తెలుసు. సరిగ్గా దాన్నే పట్టుకున్నావు. నేను కాస్త కొన్నా, కాస్త అమ్మా, టక్కున డబ్బొచ్చింది. వెంకాయమ్మత్త లేచొచ్చి నాకు బొట్టు పెట్టింది. ఆ తర్వాతే కదరా అందరూ ఉన్నదంతా పెట్టారు? ఒక్కళ్లైనా తమ ఫోన్లో అమ్మి చూసుకున్నారా? బోణీ అయ్యాక మళ్లీ చూసుకుంటే నన్ను అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నారు. నీకు కావాల్సింది అదే.

…

నా పేరు ఎందుకు రాశావో ఇప్పుడు తెలిసిందిలే. ప్రేమ కాదు అది. నాది అమ్ముడైతేనే వాళ్లు కొంటారు, అందుకు.

…

సరే సరే, ప్రేమే. కాదన్లేదు. ఆ రోజు పనైపోయాక నా పేరు కొట్టెయ్యొచ్చు, కొట్టెయ్యలేదు. 'నీ చేతి అన్నం తిన్నా, నీది వదిలేశా' అంటున్నావు. గాలానికి గుచ్చిన ఎరని తినకుండా వదిలేశానని గొప్పలు చెప్పుకుంటున్నావా?

…

తిన్నావు నాన్నా, తిన్నావు. బాపట్లలో డిప్లొమా చదివినన్నాళ్లూ మా ఇంట్లోనే తిన్నావు. పులుసులో మునక్కాడలు ఎక్కువైతే అలిగేవాడివి. నీకు టైఫాయిడ్ వస్తే వెంకాయమ్మత్తే జావ కాచి పంపింది, నేను మగ్గం మీద నుంచి లేవలేకపోతే. ఆ వెంకాయమ్మత్తే, ఇప్పుడు ఉన్నదంతా నీ మేక నోట్లో పెట్టి కూర్చుంది. ఆవిడ పేరు ఎందుకు రాయలేదురా?

…

ఒక్క నిమిషం. కుక్కర్ కూత పెడుతోంది, కట్టేసి వస్తా.

అత్తా, నువ్వింకా పంపలేదా? అందరివీ అయిపోయాయంట, నీదే మిగిలింది… నాకు పంపితే తిరిగొస్తుందో రాదోననా? అడుగు, పైకే అడుగు… నిజమే, నేను నీ స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ సమయం లేదు అత్తా. వాడు ఏ క్షణాన్నైనా మూసేస్తాడు. నువ్వు నన్ను నమ్మి బొట్టు పెట్టావు, ఇంకొక్కసారి నమ్ము. ఆ ఫోను యాస్మిన్‌కివ్వు… అబ్బ, ఇచ్చింది. నొక్కమ్మా, త్వరగా.

ఆ, చెప్పరా.

…

ఎవరు అమ్ముతున్నారంటే? నేనేగా.

…

నా దగ్గరున్నదానికన్నా ఎక్కువ అమ్ముడైందా?… ఓహో, లెక్క చూస్తున్నావా.

…

అయితే విను. దాచిపెట్టను. నేనొక్కదాన్నే లేను ఇక్కడ. మొదట్నుంచీ అందరూ మా వసారాలోనే ఉన్నారు. వాళ్లవన్నీ నా వాలెట్‌లోకి పంపించా. నా పేరు మీద అమ్ముతున్నా. అమ్మకానికి గొళ్లెం పెట్టావు గానీ, ఒకళ్లకొకళ్లు పంపుకునేదానికి పెట్టలేదు నువ్వు.

…

అరుచుకో, ఎంతైనా అరుచుకో. నాకేం భయం లేదు. ఇది నా మోసమా? ఎవరి డబ్బు ఎవరు తీసుకుంటున్నార్రా? వాళ్లది వాళ్లు తీసుకుంటున్నారు. అది కూడా పూర్తిగా రాలేదు, అమ్మేకొద్దీ ధర పడి ఎంతో కొంత నీ నోట్లోనే ఉండిపోయింది.

…

ఆపను. వెంకాయమ్మత్తది అవుతోంది.

…

మూసేస్తావా? నా పేరు కొట్టేస్తావా?… కొట్టేస్తే నాది కూడా అందులోనే పోద్ది, తెలుసా. నాది ఇంకా అమ్మలేదు నేను. చివరికి పెట్టుకున్నా. రెండో మగ్గం కోసం దాచింది అంతా అందులోనే ఉంది.

…

కోటీ, ఆగరా. ఒక్క నిమిషం. మిగిలింది నాదొక్కటే. ఇంకెవరిదీ లేదు. నువ్వే కదా, నా అక్కది వదిలేశానన్నావు? ఆ మాట మీదైనా ఉండు… కోటీ! ఏం నొక్కుతున్నావురా?

యాస్మిన్, అత్తది అయిందా?… అయిందా! అమ్మయ్య. నాది నొక్కు తల్లీ, నాది… ఏంటి?… మళ్లీ నొక్కు… ఎర్రగా వచ్చిందా? ఏదీ, ఇలా చూపించు.

…

మూసేశావు.

…

ఇందాకే ప్రేమన్నావు. నేను అబద్ధానికి చెప్పిన కుక్కర్ కూడా ఇంకా చల్లారి ఉండదు. ఇంతలోనే కొట్టేశావు.

…

భయమేసిందా. నీకు భయమేస్తే ముందు నన్నే తీసేస్తావన్నమాట.

…

తిరిగి పంపుతావా? ఎవరివి? వీళ్లకి తక్కువైంది కూడానా?… నాదొక్కటేనా. వద్దు… వద్దన్నానా! పైసా పంపినా ఉంచుకోను, పిన్ని ముందే నీ మొహాన కొడతా. పంపితే అందరిదీ పంపు. లేదా ఏదీ పంపకు.

…

పిచ్చిదాన్నే. కావచ్చు. నీకు చెప్తే అర్థం కాదురా. పొద్దుట్నుంచీ ఈ వసారాలో ఒక్కళ్లూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. మంచినీళ్లిస్తే తాగలేదు. నాకొక్కదానికే అమ్ముడవుతుందని నువ్వు చెప్పగానే, ఇంక నేను ఏం చెప్పినా నమ్మరనుకున్నా. ఇప్పుడు నాది కూడా పోయింది. వాళ్లు చూస్తుండగానే పోయింది. వెంకాయమ్మత్త ఇందాకటి చూపు చూడట్లేదు.

…

అందుకని నాకు బాధ లేదనుకోకు. రెండు చేతులా నేసుకుని దాచుకున్నదిరా అది. కానీ అది పోకుండా నాకు మిగిలుంటే, రేపు ఈ వీధిలో ఎవరి గుమ్మం ఎక్కేదాన్ని?

…

అక్కా అనకు.

…

అనకన్నానా. నా పేరు పెట్టి పిలువు. అసలు పిలవకపోయినా పర్వాలేదు… లేదు, పోలీసుల సంగతి నన్నడక్కు, అది వీళ్లంతా కూర్చుని మాట్లాడుకుంటారు. వీళ్లేది అంటే దానికి నేనూ వస్తా. నీ చిన్నప్పటి ముచ్చట్లు చెప్పి అడ్డుపడను.

…

నువ్వు ఏడిస్తే నేనేం చెయ్యను? ఆ లాడ్జీ గదిలోంచి లేచి పక్క వీధికెళ్లు. పిన్ని ఒళ్లో తలపెట్టి ఏడువు. ఎందుకేడుస్తున్నావో కూడా నువ్వే చెప్పుకో.

అత్తా, వద్దు, చెయ్యి పట్టుకోకు… ఇంతసేపూ ఆపుకున్నా, నువ్వు పట్టుకుంటే ఆగదు.

యాస్మిన్, ఈ ఫోను కట్ చెయ్యమ్మా. వాడింకా అక్కా అక్కా అంటూనే ఉన్నాడు… ఆ ఎర్రది ఎక్కడుందో నాకు కళ్లు కనపడట్లేదు. నువ్వే నొక్కు.