సూదుల తోమా

ఏంటీ, మీ ఆఫీసులో డార్టు బోర్డు పెట్టారా? పనిచేసి అలిసిపోయినోళ్ళు ఆడుకోటానికా? బాగానే ఉంది. ఆ మాట మీ అమ్మమ్మ చెవిన మాత్రం వెయ్యకు తల్లీ, ఈపూట అన్నం ముట్టదు. అట్టా చూస్తావేంది, మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదూ? మీ అమ్మమ్మకి తమ్ముడొకడుండేవాడు, తోమా అని. సూదుల తోమా అంటే దాచేపల్లి నుంచి ఒంగోలు దాకా తెలియనోడు లేడప్పట్లో. ఈ ఆటే వాడి బతుకు. సరదాకి కాదమ్మాయ్, అదే వాడి ఉద్యోగం. అసలు ఉద్యోగం మానేసి మరీ దాన్ని ఉద్యోగం చేసుకున్నాడు. ఇప్పటికీ తల్చుకుంటే నాకు తల తిరుగుద్ది. ఆ కుర్చీలో కూర్చోకు, దాని కాలు ఊగుద్ది. మంచం మీద కూర్చో, చెప్తా.

నేనప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగులో చేసేవాణ్ణి. మీ అమ్మమ్మ పోరు పడలేక, ఆ పర్సనల్ ఆఫీసరు చుట్టూ చెప్పులరిగేట్టు తిరిగి, ఈ తోమాకి ఆఫీసర్ల క్లబ్బులో అటెండరు పని ఇప్పించా. పనేందీ, సాయంత్రం తలుపు తియ్యాలి, క్యారం బోర్డు మీద పౌడరు చల్లాలి, సోడాలందియ్యాలి. దానిక్కూడా టైముకెళ్ళేవాడు కాదు. ఆఫీసర్లు బయట మెట్ల మీద నిలబడుంటే వీడు జుట్టు దువ్వుకుంటా వచ్చేవాడు. అట్టాంటి రోజుల్లో కలకత్తా నుంచి ఒక ఇంజనీరు బదిలీ మీద వచ్చాడు. పెద్దమనిషి, నోట్లో ఎప్పుడూ పైపు. ఆయన తెచ్చి తగిలించాడు ఆ బోర్డు. ఆఫీసర్లు దాని మీదకి చిన్న బాణాలు విసరటం, సగం గోడకి తగిలి కిందపడటం, మనవాడు వంగి ఏరివ్వటం. ఏరిచ్చినోడు ఏరిచ్చి ఊరుకోవచ్చుగా? మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు తలుపేసుకుని వాడూ మొదలెట్టాడు. అంతే, పట్టుకుంది పిచ్చి.

అక్కడితో ఆగితే బాగుండు. ఇంటికొచ్చి మా వంటింటి తలుపు మీద బొగ్గుతో గుండ్రాలు గీశాడు. సైకిలు పుల్లలు సానబట్టి, వెనకాల కోడి ఈకలు కట్టి, పొద్దస్తమానం టక్కు టక్కుమని ఒకటే మోత. ఈకలెక్కడివంటావా? మావే. మా వాకిట్లో తోక ఉన్న కోడి లేకుండా చేశాడు. మీ అమ్మమ్మేమో, "ఒరే తోమా, తలుపు పోతే పోయిందిగానీ ఆ పెట్టను వదలరా నాయనా, అది గుడ్ల మీదుంది" అని బతిమాలేది. నేనైతే కర్ర తీసేవాణ్ణి. తీసినా వాడు నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తేనే మనకి ఒళ్ళు మండుద్ది. వీధిలో వాళ్ళు సూదులాట, సూదులాట అని, వాడికి సూదుల తోమా అని పేరెట్టారు. వాడికా పేరంటే మహా ఇష్టం. ఒక రోజు క్లబ్బులో ఆ ఇంజనీరు పిలిచి ఆడమన్నాడంట. వీడు ఆయన్ని ఓడించి ఊరుకోకుండా, మీరు మోచెయ్యి వంకరగా పెడుతున్నారు సార్ అని పాఠం చెప్పాడంట. ఇంకోడైతే పీకి పారేసేవాడు. ఆయన దొడ్డ మనసున్నోడు కాబట్టి, సెలవలకి ఊరెళ్తా తనతో పాటు కలకత్తా తీసికెళ్ళి, అక్కడేదో పెద్ద పోటీలో నిలబెట్టాడు. గెలిచాడమ్మాయ్. అబద్ధమెందుకు చెప్పాలి, గెలిచాడు. ఇంత కప్పు చంకలో పెట్టుకుని నడికూడి స్టేషన్లో దిగితే మావోళ్ళు డప్పులు కొట్టారు.

ఆ డప్పులే కొంప ముంచాయి. నేను బస్తాలెక్కిస్తంటే ఆఫీసు గుమాస్తా వచ్చి, ఏం యేసుపాదం, మీ బామ్మర్ది రిజైను చేశాడంటగా, ఇంకేదన్నా దొరికిందా అన్నాడు.  పర్మనెంటు ఉద్యోగం. క్వార్టరొచ్చే ఉద్యోగం. ఆ సిమెంటు దుమ్ముతోనే ఇంటికొచ్చి గల్లా పట్టుకున్నా. వాడు నా చెయ్యి మెల్లగా తీసి, "బావా, నేనిప్పుడు ప్రొఫెషనల్‌ని" అన్నాడు. మీ అమ్మమ్మకా మాట అర్థం కాక, అదేం జబ్బురా, గుంటూరు ఆస్పత్రికెళ్దామా అంది. నవ్వకు. ఆ రోజు మాకు నవ్వు రాలేదు. వాడి భార్య జయకుమారి, మిషన్ స్కూల్లో టీచరు, ఆ పిల్ల మాత్రం ఒక్క మాట అన్లేదు. అన్నాల దగ్గర పళ్ళాలు పెట్టుకుంటా పోయింది. ఆ పిల్ల ఒక్కసారి గట్టిగా అరిచుంటే బాగుపడేవాడేమో అని నా ఏడుపు.

చెప్పుకోవాలిగా, కొన్నాళ్ళు బాగానే నడిచింది. గుంటూరులో మిర్చి వ్యాపారుల క్లబ్బు, ఒంగోలులో పొగాకు వాళ్ళ క్లబ్బు, పెళ్ళిళ్ళు, తిరనాళ్ళు, ఎక్కడ పిలిస్తే అక్కడ. ఎండు మిరపకాయ దారానికి వేలాడదీసి, అది గాలికి ఊగుతంటే తొడిమ దగ్గర కొట్టేవాడు. కాయ కింద పడేది, తొడిమ బోర్డుకి అంటుకుని ఉండేది. జనం ఒకటే ఈలలు. తెల్ల బూట్లు, ఎర్ర చొక్కా. ఆదివారం గుళ్ళోకి కూడా అదే చొక్కా. పాస్టరు గారు వాక్యం చెప్తంటే వేళ్ళు ఆడించుకుంటా కూర్చునేవాడు, చేతిలో బాణం ఉన్నట్టే. ఇంతలో ఒక పురుగుమందు కంపెనీ వాడి మీద కన్నేసింది. అప్పుడు పత్తి జోరమ్మాయ్. మెట్టా లేదు మాగాణీ లేదు, అందరూ పత్తే. కంపెనీ వాళ్ళొక వ్యాను ఇచ్చారు. గౌస్ బాషా అని మంచి డ్రైవరు. వ్యానుకి మైకు. వెనకాల పెద్ద బోర్డు, దాని మీద పత్తికి పట్టే తెల్లదోమ బొమ్మ, కోడిపుంజంత. ఊళ్ళోకెళ్ళటం, జనం పోగయ్యాక మనవాడు మైకులో "గురి తోమాది, దెబ్బ మందుది" అనటం, ఆ దోమ కంట్లో కొట్టటం. తప్పేది కాదు. కళ్ళకి గంతలు కట్టుకుని కూడా కొట్టేవాడు. నేను చెప్పా, ఒరే నీకు పత్తికీ కందికీ తేడా తెలీదు, ఆ మందు గురించి నీకెందుకురా, ఆడుకుంటే ఆట ఒక్కటే ఆడుకో అని. వింటేగా.

పర్చూరు అవతల ఒక పల్లెలో బుల్లయ్య అని రైతు ఉండేవాడు. వ్యాను ఆ ఊరెళ్తే మనవాడికీ బాషాకీ ఆ ఇంట్లోనే భోజనం. బుల్లయ్య భార్య వెంకటేశ్వరమ్మ గారు దోసకాయ పప్పు బాగా చేస్తదని వీడు మాకొచ్చి చెప్పేవాడు, మీ అమ్మమ్మకి ఉడుకు. మాలపల్లె వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టిన ఇల్లమ్మాయ్ అది, ఆ రోజుల్లో. బుల్లయ్యకి వీడంటే అంత అభిమానం. తోమా కొట్టాడంటే పురుగు చచ్చినట్టే అని ఊళ్ళో నలుగురికీ చెప్పి మరీ ఆ మందే కొనిపించాడంట. ఎనభై ఏడులో తెల్లదోమ పడింది చూడూ, అట్టా ఎన్నడూ పడలేదు. ఆకులన్నీ జిగురు పట్టి, మసి పూసినట్టు నల్లబడిపోయినాయి. కొట్టినోళ్ళు కొట్టినట్టే ఉన్నారు, దోమ లేచి పక్క చెట్టు మీద వాలేది. చేలకి చేలు పోయినాయి. బుల్లయ్య చేను పోయింది, ఆయన మాట విని కొన్నోళ్ళవీ పోయినాయి. వాళ్ళ మొహం చూడలేకపోయాడో ఏమో, ఆ మందే తాగాడు. దక్కలేదు.

ఆ సంగతి బాషా వచ్చి చెప్పాడు మావాడికి. అప్పుడు వాడు నా గడప మీదే కూర్చుని బూట్లకి తెల్లరంగు పూసుకుంటన్నాడు. కలకత్తా పోటీకి వెళ్ళాలి, ఈసారి గెలిస్తే బయట దేశం పంపిస్తారని ఆ ఇంజనీరు కబురు చేశాడు. బాషా చెప్పింది విన్నాడు. ఒక బూటుకి రంగు పూశాడు, రెండోదానికి పూయలేదు. వెళ్ళొద్దులేరా అన్నా. వెళ్తానన్నాడు. మీ అమ్మమ్మ నన్ను కూడా తోలింది. సరే, వెళ్ళాం. అంత పెద్ద హాలు, కుర్చీల నిండా జనం. వీడి పేరు పిలిస్తే చప్పట్లు కొట్టారు. వెళ్ళి గీత దగ్గర నిలబడ్డాడు, చెయ్యెత్తాడు. చెయ్యి ముందుకు పోతంది, వేళ్ళు విడిపోటం లేదు. మళ్ళీ వెనక్కి తీశాడు. మళ్ళీ ముందుకి. బాణం చేతిలోనే ఉంది. ముందు జనం వేళాకోళం అనుకున్నారు. తర్వాత అంపైరు దగ్గరికొచ్చి ఏదో అడిగాడు. ఆడాల్సిన రెండోవాడు పాపం కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. నేను కుర్చీలోంచి లేచి, విసరరా, వంకరపోతే పోయింది, విసిరి పారెయ్యి అని తెలుగులో అరుస్తన్నా. వాడికి వినపడుతూనే ఉంది.  ఆఖరికి ఆ మూడు బాణాలూ బల్ల మీద వరసగా పెట్టి, అంపైరుకి దణ్ణం పెట్టి బయటికొచ్చేశాడు.

ఇంక చూస్కో నా తిప్పలు. గుంటూరు పెద్ద డాక్టరు సూదులు గుచ్చి చూసి, నరాలు బ్రహ్మాండంగా ఉన్నాయి పొమ్మన్నాడు. బాషా తనకి తెలిసినాయన చేత తైలం రాయించాడు. పాస్టరు గారు చెయ్యి మీద చెయ్యేసి ప్రార్థన చేశారు. రాయిచ్చి చింతకాయ కొట్టరా అంటే కొడతాడు. బాణం ఇస్తే మాత్రం పిడికిలి అట్టాగే ఉండిపోద్ది. నాకు విసుగెత్తి, ఆ మందు నువ్వు కాచావా, నువ్వు అమ్మావా, దేశంలో ఎంతమంది చేలు పోలేదు, కంపెనీ వాడే హాయిగా నిద్రపోతన్నాడు, నీకెందుకురా అని ఒకటే తిట్టేవాణ్ణి.  ఇన్నేళ్ళూ నోరెత్తని జయకుమారి అప్పుడంది. "జబ్బు చేతిలో లేదన్నయ్యగారూ. ఆయన్ని ఆ ఊరు తీసికెళ్ళండి" అంది.

తీసికెళ్ళా. బస్సులో దారి పొడుగునా నేర్పించాను వాడికి. బుల్లయ్య భార్య అడిగితే కంపెనీ వాళ్ళు చెప్పమన్నారని చెప్పు, నాకేం తెలియదని చెప్పు, అంతకు మించి నోరెత్తకు అని. తలూపాడు. వెంకటేశ్వరమ్మ గారు పశువుల కొట్టం దగ్గర చొప్ప కోస్తంది. మమ్మల్ని చూసి కొడవలి పక్కన పెట్టింది. తిడద్దనుకున్నా. తిట్టలేదు. "అది పని చెయ్యదని నీకు తెలుసా?" అని అడిగింది. తెలియదమ్మా అన్నాడు. హమ్మయ్య అనుకున్నా. ఆమె మళ్ళీ, "పనిచేస్తదని తెలుసా?" అంది. అదీ తెలియదమ్మా అన్నాడు. "మరి తెలిసినట్టు ఎందుకు కొట్టావు?" అంది.

నేను వాడి కాలు తొక్కుతన్నా, కంపెనీ, కంపెనీ అని. వాడేమన్నాడో తెలుసా? "చప్పట్లు కొడుతుంటే కొట్టానమ్మా" అన్నాడు. ఇంక అయిపోయింది, ఊరంతా వచ్చి మమ్మల్ని తంతారు అనుకున్నా.  ఆమె కొడవలి తీసి వాడి చేతిలో పెట్టి, ఈ చొప్ప కోసి గొడ్లకి వెయ్యి, నాకు నడుం పడిపోతంది అని లోపలికెళ్ళింది.

నేనొక్కణ్ణే తిరిగొచ్చానమ్మాయ్. వాడు ఆ ఏడు అక్కడే ఉండిపోయాడు, కొట్టంలో పడుకుని, ఆ చేలో పని చేసుకుంటా. చేతనైతే కదా. గుంటక తోలటం రాదు, కలుపు తియ్యమంటే మొక్క పీకేవాడు, ఊళ్ళో కూలోళ్ళంతా నవ్వులు. తీసుకొచ్చేద్దామని నేను వెళ్తే అరచేతుల్నిండా బొబ్బలు. ఏ పని చెప్పినా చేసేవాడంట, మందు ట్యాంకు మాత్రం భుజానికి ఎత్తుకునేవాడు కాదు. మిరపకోతలయ్యాక ఆమే పంపించేసింది, నాకు కూలోళ్ళు దొరుకుతారు, నీ పెళ్ళాం దగ్గరికి పో అని. వచ్చాడు. జయకుమారి పనిచేసే స్కూల్లోనే వాడికి గంట కొట్టే పని దొరికింది. మళ్ళీ బాణం పట్టలేదు, పట్టమని మేమూ అన్లేదు. ఏటా పత్తి తీతలప్పుడు మాత్రం సంచీ సర్దుకుని ఆ ఊరెళ్ళొచ్చేవాడు. ఎందుకురా అంటే నాతో మాట్లాడేవాడు కాదు. కామెర్లొచ్చి ముదరబెట్టుకున్నాడు. చెప్పడుగా ఎవరికీ, నొప్పి కూడా చెప్పడు. చిన్న వయసే.

సమాధి రోజున వెంకటేశ్వరమ్మ గారు వచ్చింది. బస్సు దిగి ఎండలో అంత దూరం నడిచి. మావోళ్ళంతా తోమా గెలిచాడు, కలకత్తాలో కప్పు కొట్టాడు అని చెప్పుకుంటన్నారు. పాస్టరు గారు ఈమెను చూసి, తమరు ఎవరమ్మా, తోమా మీకేమవుతాడు అనడిగారు. ఆమె కొంగు సర్దుకుని, "మా చేలో మనిషండీ" అంది. పిడికెడు మట్టి తీసి వేసింది.

అదిగో, పడమట మబ్బేసింది చూడు. మిరపకాయలు కళ్ళంలో ఆరబోసి ఉన్నాయి. ఆ కప్పే పట్టా ఎక్కడ పెట్టిందో మీ అమ్మమ్మనడుగు. లే, లే.