పెద్ద సీసా

మందుల షాపులో ఆ వెల్డింగ్ మేస్త్రి ఒక సీసాని వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు. యాభై దాటాక, నెల కిందటే అతన్ని పెళ్లి చేసుకున్న ఆమెకి అతని పక్కన నిలబడటం ఇంకా కొత్తగానే ఉంది.

“పొద్దస్తమానం నిప్పురవ్వల ముందే ఉంటాను. నాకు డి విటమిన్ తక్కువేంటి?”

“ఆ వెలుగు ఎండ కాదండీ! డాక్టరుగారు పరీక్ష చూసే చెప్పారుగా.”

“మరి ఈ ఎర్ర డబ్బా?”

“అందులో అన్నీ ఉంటాయట. మీకు అన్నీ ఎందుకు? తక్కువైనదొక్కటి చాలు.”

“నీకో?”

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను.”

“మరి గుండ్రాయి మేడమెట్లు ఎక్కుతూ సగంలో ఆగిపోతోందెందుకు?”

ఆమె తడబడింది. ఆగిన ప్రతిసారీ చెప్పు సర్దుకుంటున్నట్టు వంగేది.

“అదా... చెప్పు పట్టీ వదులైంది.”

“నిన్ననే కుట్టించుకొచ్చాను. ఇవాళ కూడా ఆగావు.”

ఆమె ఆ ఎర్ర డబ్బా అందుకోబోయింది.

“తోచిందేదో మింగొద్దు. రేపు నేను పనికెళ్లను, నీకూ రక్తపరీక్ష చేయిద్దాం.”

“ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు. అలాగే గడిచిపోయింది.”

“ఇప్పుడు నేనడుగుతున్నానుగా.”

కళ్లు చెమర్చేలోగా ఆమె మాట మార్చేసింది.

“మీ డి మాత్రలు చిన్న సీసా చాలు. పడతాయో లేదో చూద్దాం.”

“పెద్దదే తియ్యి.”

“మందు మీద అంత నమ్మకమా?”

“మందు సంగతి నాకేం తెలుసు! ఆలస్యంగా మొదలుపెట్టాం మనం. తొందరగా అయిపోకూడదు.”