పాలతో ఆర్పిన మంట

పన్నెండేళ్లుగా మా మోంటానా రాష్ట్రానికి అటార్నీ జనరల్‌గా ఉన్న పెద్దమనిషిని ఆ నెలలోనే ఫెడరల్ జడ్జి పదవికి ప్రతిపాదించారు. ఆయన పాలిపోయిన మొహంతో సొంతూళ్లో పక్కింటి ముసలాయన వరండా ఎక్కాడు.

"బాబాయ్, నా గురించి వాకబు చేయడానికొచ్చిన ఎఫ్‌బీఐ ఆయనకి ఏం చెప్పావు?"

"నీ గొప్పే చెప్పాన్రా. కుర్రతనంలో నువ్వు మన ఊరి రైతు హాన్సెన్ గడ్డికొట్టం తగలబెడితే, నేను నలభై ఆవుల పాలు పితికి మంట ఆర్పానన్నాను."

"ఆయన పాలు వదిలేసి, మంట మాత్రం రాసుకున్నాడు."

"ఓరి దేవుడా! కోతలు కోశానని ఆయనకి చెప్పేస్తాలే. జడ్జివి కాబోతూ ఆ వణుకేంట్రా?"

"ఆ రోజు నన్ను చూసింది నువ్వొక్కడివేనా? ఇంకెవరైనా ఉన్నారా?"

"చూడ్డమేంటి?"

"నా చేతిలో సిగరెట్టు చూశావుగా! పాపం, నా బదులు వాళ్ల పాలేరు ఎమిల్ రెండేళ్లు జైల్లో ఉన్నాడు. నేను ఏ నేరమూ చేయలేదని మొన్న ఈ జడ్జి పదవి కాగితాల మీద ప్రమాణం చేసి సంతకం పెట్టాను, బాబాయ్."



"ఒరే, ఆ రోజు నేను ఊళ్లోనే లేను. నీ పేరు సరదాకి కలిపాను."

"ఇప్పుడిది ఎవరికైనా చెబుతావా?"

"చెప్పినా ఈ ఊళ్లో నన్నెవడు నమ్ముతాడు? నమ్మినవాడు ఆ ఎఫ్‌బీఐ ఆయనొక్కడే. సోమవారం మళ్లీ వస్తానన్నాడు."