సారీకి అర్థం

ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సు కోసం నిలబడి ఉంటే, నా వెనక బంగారు పనిషాపు యజమాని, ఆ షాపులో నగలకు మెరుగు పెట్టే ఆమె గొడవ పడుతున్నారు.

"నిన్న పోయిన ముక్కుపుడక త్రాసు కిందే దొరికింది. సారీ చెప్పినా కదమ్మా, పనిలోకి రా."

"పదేండ్లుగా చేతులు కడిగిన నీళ్లు గూడా మీ బకెట్లోనే పోసి పోతాండా, చేతులకంటిన బంగారు పొడి మీదేనని. అట్లాంటి నా సంచిని అందరి ముందర కుమ్మరిస్తివే!"

"అందుకే గదా సారీ అంటాండా."

"బస్సులో కాలు తొక్కినోడు గూడా అంటాడప్పా సారీ! నా బిడ్డ డిక్షనరీలో చూసింది. పుండు, నొప్పి అనే అర్థమొచ్చే పాత ఇంగ్లీషు మాటలోనించి పుట్టిందంట అది. నీకు యాడ నొప్పి పుట్టింది?"

"ఇంగ నన్నేం చేయమంటావు?"

"సంచి కుమ్మరించిన చోటే నిలబడి, అందరూ వినేట్టు నేను దొంగను కాదని చెప్పు."

"పనోళ్ల ముందర తల వంచితే నా పరువేం కావాల?"

"ఆ! ఇప్పుడు పుట్టింది నీకు నొప్పి. అది తగ్గకముందే పా, పోయి చెబుదువు."