ఒడిలో కూర్చోబెట్టుకున్న తప్పు

బిడ్డను కనని ఆడమనిషికి పిల్లల మనసు తెలుస్తుందా అన్న సందేహం నాకు ఏళ్లుగా ఉంది. ఆ రోజు తొండియార్‌పేటలో మా మనవరాలి బడి వరండాలో కూర్చుని ఉంటే, లోపల ఇద్దరు టీచర్ల మాటలు వినిపించాయి. పెద్దామెకు పిల్లలు లేరు. చిన్నామె కాన్పు సెలవు ముగిసి ఈమధ్యే వచ్చింది.

“తల్లులందరూ నీ క్లాసే కావాలంటా ఉన్నారంట. సంతోషమేనా?”

“నేనేం అడగలేదు కదక్కా.”

“ఏడ్చే బిడ్డని నువ్వు ఒడిలో పెట్టుకుంటే హెడ్‌మిస్ట్రెస్ తల్లి మనసు అంటుంది. ఆరేళ్ల ముందు నేను అదే చేస్తే, పిల్లల్ని చెడగొడతా ఉన్నానని అందరి ముందరా తిట్టింది. ఆ దినం నుంచి నేను ఒక బిడ్డనీ ఎత్తుకోలే.”

“అప్పుడు నాకు పిల్లల మనసు తెలియదక్కా. పాప పుట్టినాకే తెలిసింది.”

“నాకు పుట్టకుండానే తెలిసిందే. దానికి విలువ లేదా?”



“హెడ్‌మిస్ట్రెస్‌కి ఆ మాట మోసింది నేనే అక్కా. పిల్లలు నన్ను విడిచి మీ దగ్గరికే పరిగెత్తుతా ఉండిరి. ఓర్చుకోలేకపోయినాను.”

“నువ్వా?”

“రండక్కా, నాతో.”

ఇద్దరూ నా ముందు నుంచే హెడ్‌మిస్ట్రెస్ ఆఫీసు గదిలోకి వెళ్లారు. తలుపు తెరిచే ఉంది.

“మేడమ్, ఆరేళ్ల ముందు అక్క మీద నేను చెప్పింది తప్పు. ఒడిలో పెట్టుకునేది నేను ఈమెను చూసే నేర్చుకున్నాను. అక్కా, నన్ను మన్నించండి.”