ఎవరి మూతి?

పుట్టుకతో చీలిన పెదవికి కుట్లు వేయించుకుని, పాప నర్సు చేతుల్లో ఆపరేషన్ గది నుంచి వార్డులోకి వచ్చింది. తల్లి ముందుగా కట్లు కట్టిన పాప చేతులే చూసింది.

"అయ్యో, రెండు చేతులూ విరిగాయా సిస్టర్?"

"లేదమ్మా. కుట్లు పీక్కోకుండా, మోచేతులు వంగకుండా కట్టాం. ఈ ఆపరేషన్ చేసిన పిల్లలందరికీ కడతాం."

"ఇంక ఎప్పటికీ వంగవేమో?"

"కట్లు విప్పగానే నీ జుట్టే పీకుతుంది చూడు. అవునూ, మొహం చూడవేం?"

"భయమండీ. పుట్టినప్పుడు మా అత్తగారు, మా ఇంట్లో ఇలాంటి మూతి ఎవరికీ లేదని మొహం తిప్పేసుకున్నారు."

"ఆవిడ సంగతి తర్వాత. ముందు నువ్వు చూడు."

తల్లి వంగి చూసింది.

"ఏడుస్తున్నావేంటమ్మా?"

"నవ్వొస్తోంది సిస్టర్. పెదవి కలిసేసరికి అచ్చం మా అత్తగారి మూతే. బయట బెంచీ మీదున్నారు, కాస్త పిలవరూ? వచ్చి చూసుకుంటారు."