మోతి చెవిల చెప్పిన ముచ్చట

“అమ్మా, నన్ను బడిల ఏసినప్పుడు నేను గూడ గిట్లనే ఏడ్సిన్నా?”

ఏడ్సుడా? నీ బొంద, బహదూర్‌పురా అంత లేపినవ్ నువ్వు! నీ బిడ్డ ఏమేడ్సింది పొద్దుగాల, నీ చున్నీ పట్టుకొని జర కండ్లల్ల నీళ్లు తీసింది, గంతే. నువ్వైతే బడి గేటు పట్టుకొని ఏలాడినవ్, టీచరమ్మ ఒక దిక్కు గుంజుతుంటే నేనొక దిక్కు. గా ఫోన్ పక్కన వెట్టు. ఊకూకె బడికి ఫోన్ చేస్తే ఆళ్లు పిల్లల్ని సూస్తరా, నీకు జవాబిస్తరా? ఏమంటున్నవ్? ఎందుకేడుస్తుందో పిల్ల చెప్తలేదు, బడికాంచి తీసేసి వచ్చే ఏడు ఏస్తవా? గా మాట నా ముందట అనకు స్వప్నా. కూసో. నువ్వు గిట్ల ఇంట్లకు బయటకు తిరిగితే నాకు గుబులైతుంది. నేనా? నేనేం గేటు కాడికి సూడ పోలే, చెప్పులు సర్ది వచ్చిన.

ఏం చెప్తున్న? ఆఁ, బడి. నీకు నాలుగేండ్లు నిండలే అప్పటికి. గిప్పుడు కార్లు ఆపుతున్నరు సూడు, గా జాగల మన బర్ల కొట్టముండె. ఆరు బర్లు... కాదు కాదు, మోతితోని ఏడు. మోతి యాదుందా? నుదుటి మీద తెల్లసుక్క. ఈనిన నెలకే దాని దుడ్డె సచ్చిపోయింది. దుడ్డె లేకుంటే బర్రె పాలు సేపుతదా? ముందుగాల దుడ్డెను ఇడిస్తే, గది జర తాగితే, అప్పుడు గద తల్లికి పాలు దిగేది. దుడ్డె పోయినంక మోతి పొదుగు బిగబట్టుకొని నిలవడ్డది. తవుడు పెట్టినం, బతిలాడినం, ఉహూ. దానికి గూడ పాణం ఉంటది గద, బాధ ఉంటది.

గప్పుడు నువ్వు పోయి దాని మూతి కాడ కూసున్నవ్. ఇగ ఒకటే ముచ్చట. “మోతీ, బాపు కొత్త బకెట్ తెచ్చిండు. మోతీ, అమ్మ నాకు బెల్లం ఇస్తలేదు.” ముక్కు మీద తవుడు, చేతుల దాని చెవి. గది నీ నెత్తి నాకింది, జుట్టంత తడిసేదాంక నాకింది. నేను ఊకె గిట్ల చెయ్యేసి సూసిన, జర్రున పాలొచ్చినయ్. అవ్వల్లా, నాకు ఏడుపు ఆగలే బిడ్డా. నిన్నే దుడ్డె అనుకున్నదో ఏమో. గా దినం సంది నువ్వు పక్కన లేంది అది పాలియ్యలే.

ఇగ నిన్ను బడిల ఏసినం, సూడు లొల్లి. పొద్దుగాల పాలకు ఫికర్ లేదు, నువ్వు నిద్రకండ్లతోనే వచ్చి కూసుందువు. పగటీలి పాలతోనే పరేషాన్. రెండు గంటలకు పాలు పిండి హోటల్ భాయ్‌కి పొయ్యాలె, ఆయన సాయంత్రం చాయ్ దానిమీదనే. నువ్వు బడిల, మోతి ఇంట్ల. అక్కడ నువ్వు మొత్తుకునుడు, ఇక్కడ అది అరుసుడు. నేనొక ఉపాయం చేసిన. నువ్వు ఇడిసిన గౌను, ఎర్రది, జేబు మీద సీతాకోకచిలుక ఉండె... గది తెచ్చి మోతి ముందట పెట్టిన, నీ వాసన సూసి పాలిస్తదని. సూసింది. మంచిగ సూసింది. నేను చెంబు పట్టుకొని గిట్ల కూసున్ననో లేదో, నమిలి జేబు మింగింది! పాలు లేవు, గౌను లేదు. నవ్వకు. నువ్వు ఇంటికొచ్చి ఏమన్నవ్ ఎరికేనా? “పాపం మోతికి ఆకలైంది, ఇంకోటి ఇయ్యమ్మా” అన్నవ్.

మీ బాపేమో, “గింత పిల్లకు బడేందే, వచ్చే ఏడు సూద్దాం” అనవట్టె. ఆయనకు నేనెంత చెప్పినా దున్నపోతు మీద వాన పడ్డట్టే. వచ్చే ఏడు అన్నోళ్లు మల్ల వచ్చే ఏడే అంటరు, నాకు తెల్వదా? నన్ను గట్లనే ఆపిన్రు. చెల్లె పుట్టింది, ఎత్తుకునేటోళ్లు లేరు, వచ్చే ఏడు పోదువు బిడ్డా అన్నది మా అవ్వ. గా ఏడు ఇంక రాలే. నా బిడ్డకు గట్ల కావద్దని నా పంతం. కానీ నువ్వు ఏడుస్తుంటే నా పాణం గుంజేది. అడకత్తెరల పోకచెక్కయిన.

నిన్నడిగిన. మంచిగడిగిన, బెదిరిచ్చి అడిగిన, బెల్లం పెట్టి అడిగిన. “ఎందుకే పోనంటవ్, ఎవలన్న కొట్టిన్రా?” బెల్లం తిన్నవ్, మూతి తుడుసుకున్నవ్, గంతే.

ఆగు, వ్యాన్ వచ్చిందా ఏంది? కాదు, గ్యాస్ బండి. కూసో, కూసో.

ఒక దినం నువ్వు బడికాంచి వచ్చినవ్, పాలు ఇంక పిండనే లేదు. హోటల్ భాయ్ గేటు కాడ, “క్యా అమ్మా, చాయ్ మే పానీ డాలూఁ క్యా?” అని, పాలకు బదులు నీళ్లు పొయ్యాల్నా అని ఒకటే లొల్లి. ఆయనను ఆగమని, మోతికి అవుతల దిక్కు కూసొని, తలకాయ దాని డొక్కకు ఆనిచ్చిన. నేను నీకు కనవడ. నువ్వు దాని చెవి పట్టుకొని సన్నగ అంటున్నవ్, “మోతీ, టీచర్ నన్ను అబద్ధాలు చెప్తవ్ అన్నది. అందరు నవ్విన్రు. సింహం అరుపు రోజు ఇనవడ్తది అని చెప్పిన నేను. నువ్వు గూడ ఇన్నవ్ గద? చెప్పు మోతీ, ఇన్నవ్ గద?”

పిండుడు ఆపి ఇన్న బిడ్డా.

జూపార్క్ మన ఇంటెనకనే నాయె. తెల్లారగట్ల సింహం అరుసుడు మనకు కోడి కూసినట్టే. టీచరమ్మ కొత్తగొచ్చింది, ఎక్కడికెల్లో బస్సుల వచ్చి పోతది, ఆమెకేం తెల్సు? పిల్ల ఉత్తగ కతలు చెప్తుందనుకున్నది. నిజం చెప్పినదానివి నువ్వు, అబద్ధాలదానివైతివి. గంత బాధ లోపల పెట్టుకొని నాకు చెప్పలే. ఎందుకు చెప్తవ్? నేను నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలవడి అడిగితి. మోతి ఏమడగలే, ఊకె ఇన్నది.

తెల్లారి పాల చెంబుతోనే బడికి ఉరికిన. “టీచరమ్మా, నా బిడ్డ అబద్ధం చెప్పలే. నమ్మకం లేకుంటే పొద్దుగాల మా కొట్టానికి రాండ్రి, చాయ్ తాగుకుంట ఇందురు” అన్న. మంచి మనిషి, ఊరికెనే అనొద్దు. నిన్ను దగ్గరికి తీసుకొని అందరి ముందట, “స్వప్నా, ఇయ్యాల సింహం ఏమన్నది?” అని అడిగింది. ఇగ సూడు నీ షాన్! తెల్లారకముందే లేసి గోడకు చెవి పెట్టుడు, టీచర్‌కు చెప్పాలని. ఆదివారం గూడ బడికి తయారు!

పగటీలి పాలు నువ్వొచ్చేదాంక జరిపినం. భాయ్ సైకిల్ దిగంగనే “బచ్చీ ఆయీ క్యా?” అని, పిల్లొచ్చిందా అని అడుగుడు. బిస్కెట్ తెచ్చి నీ చేతుల పెట్టేటోడు, నువ్వు సగం మోతికి పెడుదువు. నేను అవుతల దిక్కు కూసొని, పాలు పిండుకుంట, నీ ముచ్చట్లన్ని ఇందును. మోతి పోయినంక ఏం చెయ్యాలె? చాటల బియ్యం పోసుకొని అరుగు మీద కూసుంటుంటి. నువ్వు బడికాంచి వచ్చి పక్కన సతికిలవడి, అడగకముందే అన్ని చెప్పేదానివి. పెద్ద క్లాసులకొచ్చినంక గూడ. గా బియ్యంల రాళ్లేం లేకుండె బిడ్డా.

ఇగో, వ్యాన్ హారన్. గదే, గదే. ఏయ్, ఉరకకు! గేటు కాడనే పట్టుకొని “ఏడ్సినవా, తిన్నవా, ఎవలన్న కొట్టిన్రా” అని మొదలువెట్టకు. దాన్ని నేను తీసుకొస్త. నువ్వు లోపలికి పోయి చాట తెచ్చుకో, డబ్బలకెల్లి బియ్యం పోసుకో, అరుగు మీద కూసో. సల్లగుండు తల్లీ, నీ బిడ్డ మాటలు నీ చెవులవడాలె... పో, జల్ది పో. రాళ్లు లేకున్నా ఏరుకుంట కూసో.